దస్కతు పెట్టే ముందు

ఇప్పుడు గాంధి దవాఖాన నిలబడ్డ జాగల మా కాలంల జైలు ఉండె. ముషీరాబాద్ జైలు. గాంధి అప్పట్ల సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఉండేది, 2003ల ఇటు వచ్చింది. మా మేనమామ ఇల్లు చిక్కడపల్లిల. ఆయన కోర్టుల పేష్కార్‌గ పనిచేసి రిటైరయిండు. ఆ జైలు దిక్కు ఎప్పుడు నడిచిపోయినా ఆయన నోట ఒకటే మాట వచ్చేది: "బిడ్డా, మనిషి చేసింది ఒకటుంటది, కాయితం మీద రాసింది ఒకటుంటది. ఏండ్లు గడిచినంక కాయితం మీద రాసిందే మిగుల్తది."

జర దగ్గరికి జరుగుండ్రి. సంక్రాంతి ముందటి చలి ఇది, అశోక్‌నగర్ మేడల నడుమ కూడ వదలదు. వాచ్‌మన్ మంచి మంట వేసిండు. నువ్వు ఆ మెమో కాయితాన్ని నలపకు బిడ్డా, సక్కగ మడిచిపెట్టు. కాలేజీ వాళ్లు నిన్ను విచారణకు పిలిచిన్రని మీ అమ్మ చెప్పింది. విచారణ అంటే ఏందో నీకు చెప్పాల్నంటే నేను 1976 నుంచి ఎత్తుకోవాలె.

అప్పట్ల ఆడపిల్ల నర్సింగ్ చదువుతానంటే ఇంట్ల పెద్ద పంచాయితే అయ్యేది. "పరాయి మొగోళ్లను ముట్టుకునే పని, రాత్రిళ్లు ఇల్లు విడిచి ఉండే పని, రేపు దీన్ని ఎవడు చేసుకుంటడు?" అనేటోళ్లు చుట్టాలు. మా అమ్మ మాత్రం ఒక్క అడుగు ఎనక్కి వెయ్యలే. ఆమె నారాయణగూడల మాడపాటి హనుమంతరావు గారి బడిల చదువుకున్నది. 1928ల ఆయన ఆడపిల్లల కోసం తెలుగుల చదువు చెప్పే బడి పెట్టిండు. నిజాం రాజ్యంల పెద్ద బళ్లన్నీ ఉర్దూల నడిచే రోజులవి. ఆ బడి మెట్లెక్కిన మనిషి గనుక మా అమ్మకు చదువు విలువ తెలుసు. నన్ను తీస్కపోయి ఒక పెద్ద దవాఖానకు ఆనుకోని ఉన్న నర్సింగ్ స్కూల్ల చేర్పించింది. ఆ స్కూలు పేరు మనకెందుకు, ఇప్పుడు అక్కడున్నోళ్లు వేరే.

మూడున్నరేండ్ల చదువు. పొద్దున క్లాసు, పగలు వార్డు, నెలకు ఇన్ని రాత్రులని నైట్ డ్యూటీ. నారాయణగూడల ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు కూడ పంపించేటోళ్లు. కుక్క కరిసినోళ్లు ఊరూరి నుంచి అక్కడికే వచ్చేటోళ్లు. ఆ రోజుల్ల బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు. సూది చూసి ఏడ్చే పిలగాండ్ల చెయ్యి పట్టుకోని ముచ్చట పెట్టుడు మా పని. నల్లకుంట కోరంటి దవాఖానల కలరా, ధనుర్వాతం రోగుల దగ్గర నిలబడుడు నేర్చుకున్నం. సెలవు దొరికితే మామ ఇంటికి వచ్చి, చిక్కడపల్లి మార్కెట్ల అత్తతోని కూరగాయలు తెచ్చి, సాయంత్రం త్యాగరాయ గానసభల పాట కచేరీ ఉంటే ఎనక వరుసల కూర్చునేదాన్ని.

మా గదిల నాతోపాటు నారాయణపేట పిల్ల ఉండె. హాస్టల్ల ఊరి పేర్లతోనే పిలుచుకునేటోళ్లం. వాళ్ల నాయిన మగ్గం నేసేటాయన. ఆ పిల్ల చెయ్యి అంత తేలిక, సూది ఏస్తే పేషెంటుకు తెలిసేదే కాదు. రాసుడు కూడ అంత సక్కగ. జ్వరం, నాడి, ఊపిరి లెక్క రాసే టీపీఆర్ చార్టు ఆమె గీస్తే సిస్టర్ ట్యూటర్ మాకందరికి చూపించేది.

డిసెంబర్ నెల. ఆడోళ్ల సర్జికల్ వార్డుల ఆమెకు నైట్ డ్యూటీ. ఆ రాత్రి పక్క వార్డు స్టాఫ్ నర్సు సెలవు పెట్టింది, ఉన్న ఒక్క స్టాఫ్ నర్సే రెండు వార్డులు చూసుకోవాలె. పేగు ఆపరేషన్ అయిన ఒకామె రాత్రి ఒంటిగంటకు నొప్పితోని అల్లాడింది. అవసరమైతే పెథిడిన్ ఇయ్యమని డాక్టర్ కేస్ షీట్ల ముందే రాసిండు. పెథిడిన్ అంటే మీకు తెలుసు గదా, నొప్పిని చంపుతది గానీ అలవాటు చేస్తది, మోతాదు తప్పితే ఊపిరి మందగిస్తది. అందుకే దాన్ని తాళం లోపల తాళం వేసి పెడతరు. ప్రతి ఆంప్యూల్‌కు లెక్క ఉంటది. డ్యూటీ మారినప్పుడల్లా ఒకరు లెక్కపెట్టి ఇస్తే ఇంకొకరు లెక్కపెట్టి తీసుకుంటరు. డి.డి.ఏ. రిజిస్టర్ అంటరు దాన్ని. అండ్ల రాసే అధికారం స్టాఫ్ నర్సుకే, స్టూడెంటుకు లేదు.

సరిగ్గ అప్పుడే పక్క వార్డుల ఒక పేషెంటుకు రక్తం ఆగుతలేదని కబురొచ్చింది. స్టాఫ్ నర్సు తాళాలు ఈ పిల్ల చేతుల పెట్టి, "నువ్వు తీసి ఇయ్యి, నేనొచ్చి రిజిస్టర్ల రాస్తా" అని ఉరికింది. నారాయణపేట పిల్ల ఆకురాయితోని ఆంప్యూల్ మెడ కోస్తుంటే అది చేతులనే పగిలింది. మందు నేల పాలైంది, వేలు తెగింది. ఇంకొకటి తీసి, నాడి, ఊపిరి చూసి, సూది ఇచ్చింది. పగిలిన గాజును గాజుగుడ్డల చుట్టి ట్రేల పెట్టింది. రిజిస్టర్ల రాసే హక్కు లేదు గనుక కేస్ షీట్ల నర్సింగ్ నోట్స్‌ల అంతా రాసింది: ఎన్నింటికి నొప్పి చెప్పింది, ఎన్నింటికి సూది ఇచ్చిన, ఊపిరి నిమిషానికి ఎంత, ఒక ఆంప్యూల్ పగిలిపోయింది, స్టాఫ్ నర్సుకు చెప్పిన.

తెల్లారేసరికి స్టాఫ్ నర్సుకు రెండు వార్డుల అలసట. రిజిస్టర్ల ఒక్క ఆంప్యూల్ ఖర్చే రాసింది. గాజుగుడ్డను ఊడ్చేటామె చెత్తల పారేసింది. పొద్దున లెక్కపెడితే ఒకటి తక్కువ.

మూడో రోజుకు మెమో వచ్చింది. ఒక పెథిడిన్ ఆంప్యూల్ మాయమైంది, నీ మీద చర్య ఎందుకు తీసుకోవద్దో 48 గంటల్ల రాతపూర్వకంగ చెప్పు, అని. సాయంత్రానికి హాస్టలంత గుసగుసలే. మందు అలవాటుందట అని ఒకరు, బయట అమ్ముకున్నదట అని ఇంకొకరు. నిన్నటిదాక ఆమె పక్కన కూర్చొని తిన్నోళ్లు పళ్లెం పట్టుకోని వేరే బల్లకు పోయిన్రు. నేను చెప్తున్న బిడ్డా, విచారణల అన్నిటికంటే పెద్ద శిక్ష కమిటీ ముంగట పడేది కాదు. కమిటీ కూర్చోకముందే హాస్టల్ వేసే శిక్ష అది.

ఆఫీసుల ఒకాయన టైపు చేసిన కాయితం తెచ్చి ఇచ్చిండు. "తెలియక పొరపాటు జరిగింది, క్షమించండి, మళ్లా చేయను" అని నాలుగు లైన్లు. కింద దస్కతు పెడితే ఒక హెచ్చరికతోని అయిపోతది అన్నడు. వాళ్ల నాయిన మగ్గం మీది చీర మగ్గం మీదనే విడిచి, రాత్రి బస్సెక్కి వచ్చిండు. చేతులు జోడించి, "పెట్టు బిడ్డా, పెద్దోళ్లతోని మనకెందుకు" అన్నడు. ఆయన భయం నాకిప్పటికీ అర్థమైతది. ఆ ఊర్ల ఆమె ఒక్కతే పట్నం చదువుకు వచ్చిన ఆడపిల్ల. ఆమె తిరిగిపోతే ఆ ఊరి నుంచి ఇంకో పిల్ల రాదు.

నేను ఇద్దరినీ చిక్కడపల్లికి, మామ దగ్గరికి తీస్కపోయిన. మామ ముందుగాల అన్నం పెట్టించిండు. తర్వాత ఆ క్షమాపణ కాయితం చదివి, ఒకటే ప్రశ్న అడిగిండు: "పొరపాటు అని రాసిన్రు, ఏం పొరపాటు? ఆంప్యూల్ పగిలిందా, దొంగతనం చేసినవా? ఈ కాయితంల లేదు. రేపు నువ్వు పాసై నర్సింగ్ కౌన్సిల్ల పేరు రాయించుకునేటప్పుడు ఎవడన్న ఫైలు తీస్తే ఏమని చదువుకుంటడు? పెథిడిన్ పోయింది, ఈ పిల్ల క్షమించమన్నది, అంతే చదువుకుంటడు." నాయిన ముఖం పాలిపోయింది. మామ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "చెయ్యని పనికి దస్కతు పెట్టొద్దు. చేసిన పని దాచొద్దు. ఈ రెండు పట్టుకుంటే చాలు" అన్నడు.

అప్పుడు చెప్పిండు ఆయన, 1962ల సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి. ఉత్తరప్రదేశ్‌ల ముగ్గురు పిలగాండ్లు 1954ల ఇంటర్ పరీక్ష రాసి పాసయిన్రు. కొన్ని నెలలకు, మీరు పరీక్షల అక్రమం చేసిన్రని బోర్డు ఆ ఫలితం రద్దు చేసింది, వచ్చే ఏడు పరీక్షకు కూడ రావద్దన్నది. వాళ్లను ఒక్క మాట అడగలే. ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసు అంటరు దాన్ని. ఒక విద్యార్థి బతుకు మీద ఇంత దెబ్బ పడే నిర్ణయం తీసుకునేటప్పుడు అతని మాట వినాల్సిందే అని కోర్టు చెప్పింది. మామ దాన్ని చెప్తుంటే నారాయణపేటాయన మెల్లగ తల ఎత్తిండు. మగ్గం నేసేటోని బిడ్డ మాట కూడ వినాలని దేశంల అంత పెద్ద కోర్టు చెప్పిందన్న సంగతి ఆయనకు ఆ రాత్రి తెలిసింది.

మామ తెల్లకాయితం ముంగట పెట్టి రాయమన్నడు. గంట వారీగ రాయి. నువ్వు చూసింది, నువ్వు చేసింది మాత్రమే రాయి. ఇంకొకళ్ల మనసుల ఏమున్నదో రాయకు. స్టాఫ్ నర్సు మీద కోపం రాయకు, ఆమె ఏం చెప్పిందో అది రాయి. తాళం తీసుకున్నవా? తీసుకున్న అని రాయి. చివర్ల మూడు కాయితాలు అడుగు: ఆ పేషెంటు కేస్ షీట్, డి.డి.ఏ. రిజిస్టర్, ఆ రాత్రి డ్యూటీ రోస్టర్. తెల్లారి నారాయణగూడల టైపు ఇన్‌స్టిట్యూట్‌ల కార్బన్ పెట్టి టైపు చేయించినం. ఒకటి ఆఫీసుల ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు ముద్ర, తారీఖు వేయించుకున్నం. ఆ ముద్ర పడ్డ కాపీని ఆమె తన పెట్టెల చీరల కింద దాచుకున్నది.

కమిటీల ముగ్గురు: మేట్రన్, సిస్టర్ ట్యూటర్, ఒక సర్జన్. నన్ను సాక్షిగ పిలిచిన్రు, ఎందుకంటే ఆ పొద్దున ఆమె వేలికి కట్టు కట్టింది నేనే. ఏ వేలు, ఎంత తెగింది, ఏం చెప్పింది అని అడిగిన్రు. తెలిసింది చెప్పిన, తెలువని దాని దగ్గర తెలువదన్న. పేషెంటు అప్పటికే డిశ్చార్జి అయింది, కేస్ షీట్ రికార్డు రూంకు పోయింది. మేట్రన్ దాన్ని తెప్పించింది. ఆ రాత్రి రాసిన నర్సింగ్ నోట్స్ తీసి సర్జన్ గట్టిగ చదివిండు. ఆంప్యూల్ పగిలిన సంగతి, టైముతో సహ, ఎవరికీ అనుమానం రాకముందే రాసి ఉన్నది.

ఆ తర్వాత స్టాఫ్ నర్సును పిలిచిన్రు. ఆమె ఇద్దరు పిల్లల తల్లి, నౌకరి మీదనే ఇల్లు నడిచే మనిషి. గదిల నిశ్శబ్దం. "తాళాలు నేనే ఇచ్చిన. పగిలిన సంగతి నాకు చెప్పింది. రెండు వార్డులల్ల నేనొక్కదాన్నే ఉన్న, రాసుడు మర్చిపోయిన" అన్నది. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలెనో మీరు నౌకరిల చేరినంక తెలుసుకుంటరు. ఆమెకు మందలింపు వచ్చింది. నేను ఆమెను ఇప్పటికీ గౌరవంతోని తలుసుకుంట.

దొంగతనం జరగలేదని కమిటీ రాసింది. అక్కడితోని ఆగలే, అదే నాకు ముఖ్యం. స్టూడెంట్ల చేతికి ఆ తాళం ఇయ్యొద్దని ఆర్డర్ వేసిన్రు. ఆంప్యూల్ పగిలితే ఆ గంటల్నే రిజిస్టర్ల ఇద్దరు దస్కతు పెట్టాలన్నరు. రాత్రి ఒక్క నర్సు మీద రెండు వార్డులు వెయ్యొద్దని పైకి రాసిన్రు. ఆ పిల్ల నాలుగు లైన్ల క్షమాపణ మీద దస్కతు పెట్టి ఉంటే ఇవేవీ జరగకపోయేవి. తప్పంతా ఒక స్టూడెంట్ మెడకు చుట్టి తాళం వేసేటోళ్లు, ఇంకో రాత్రి ఇంకో పిల్ల అదే కష్టంల పడేది. ఆమె తర్వాత మంచి సిస్టర్ ట్యూటర్ అయింది, ఎంతమందికి రాత నేర్పిందో.

ఇగ ఇంకో దిక్కు కూడ చెప్తా. మీరు నర్సులయ్యేటోళ్లు, రెండు దిక్కులా తెలిసి ఉండాలె. విచారణ అనంగనే అది అన్యాయమే అనుకోవద్దు. 1972ల రాంచీల రాజేంద్ర మెడికల్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లకు రాత్రిపూట కొందరు మొగ స్టూడెంట్లు వచ్చి ఆగం చేసిన్రు. ప్రొఫెసర్ల కమిటీ ఆడపిల్లల మాటలు విడిగ, ఆ పిలగాండ్లు లేనప్పుడు విన్నది. ఆరోపణ ఏందో పిలగాండ్లకు చెప్పి, జవాబు తీసుకున్నది. ఆ తర్వాత కాలేజీ ఆ పిలగాండ్లను వెళ్లగొట్టింది. మా ముంగట సాక్ష్యం తీసుకోలేదని వాళ్లు సుప్రీంకోర్టు దాక పోయిన్రు. 1973ల కోర్టు కాలేజీ చేసింది సరే అన్నది. ఆ ఆడపిల్లల పేర్లు బయటపెడితే వాళ్లు మళ్లా ఆ దారిల తిరగగలరా? హీరానాథ్ మిశ్రా కేసు అది. కాలేజీ విచారణ కోర్టు లెక్క నడవాల్సిన పని లేదు. కానీ ఆరోపణ చెప్పాలె, జవాబు వినాలె, ఫిర్యాదు చేసినోళ్లను కాపాడాలె.

మొన్న 2025 ఫిబ్రవరిల కేరళ కొట్టాయం ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల ఏం జరిగిందో చూసిన్రు గదా. మొదటేడు పిలగాండ్లను సీనియర్లు నెలల తరబడి హింసించిన్రు, ఐదుగురిని అరెస్టు చేసిన్రు. రోగి నొప్పి తగ్గించే చదువు చదివేటోళ్లు పక్క మంచం మీది పిలగానికి నొప్పి పెట్టిన్రు. అసుంటి చోట విచారణ గట్టిగ జరగాలె. మన దగ్గర ర్యాగింగ్ మీద చట్టం 1997లనే వచ్చింది. యూజీసీ నియమాలు 2009ల వచ్చినయి. మీ మీద అసుంటిది జరిగితే మెమో కోసం చూడకుండ మీరే ముందుగాల కాయితం పెట్టుండ్రి.

అమెరికాల ఒక నర్సు సంగతి కూడ మీ ఫోన్లల్ల చూసే ఉంటరు. 2017ల టెనెసీ రాష్ట్రంల ఒక మందు బదులు ఇంకో మందు ఇచ్చింది, పేషెంటు చనిపోయింది. ఆమె వెంటనే తన తప్పు తానే చెప్పింది. 2022ల కోర్టు ఆమెను నేరస్తురాలు అన్నది, జైలు లేకుండ ప్రొబేషన్ వేసింది. ఆ తీర్పుకు ప్రపంచంల నర్సులంత కలవరపడ్డరు. తప్పు చెప్పినోళ్లను నేరస్తులంటే రేపు తప్పు ఎవరు చెప్తరు? చెప్పకపోతే ఆ తప్పు ఇంకో పేషెంటును పట్టుకుంటది. 2024ల కెంటకీ రాష్ట్రం అందుకే ఒక చట్టం తెచ్చింది, వైద్యంల పొరపాట్లను నేరంగ చూడొద్దని. దాచినోళ్లను, చెప్పినోళ్లను ఒక్క తీరు చూసే విచారణ దవాఖానకు మేలు చెయ్యదు. ఏండ్లపాటు వార్డులల్ల తిరిగి నేను తెలుసుకున్నది ఇదే.

ఇగ నీ సంగతి బిడ్డా. ఆ మెమోల ఆరోపణ ఏందో స్పష్టంగ రాసి ఉన్నదా చూడు. లేకపోతే ఏ తారీఖు, ఏ వార్డు, ఏ నియమం తప్పిన్రని రాతపూర్వకంగ అడుగు. గడువు దాటనియ్యకు, చాలకపోతే ముందే టైము అడుగు. ఈ రాత్రే కూర్చోని జరిగింది జరిగినట్టు గంట వారీగ రాసుకో, రేపటికి మనసు వేరే కథ అల్లుతది. కేస్ షీట్, డ్యూటీ రోస్టర్ కాపీలు అడుగు. వాట్సాప్ గ్రూపుల ఎవరి మీదా ఒక్క మాట రాయకు, పేషెంటు ఫోటో, పేరు ఎక్కడా పెట్టకు, అది ఇంకో తప్పయితది. క్షమాపణ రాయాల్సి వస్తే ఏం తప్పు చేసినవో అదొక్కటే స్పష్టంగ రాయి. చదవంది, తెలువనిది దేని మీదా దస్కతు పెట్టకు. కమిటీ ముంగట అడిగినదానికి జవాబు చెప్పు. నిర్ణయం నచ్చకపోతే ప్రిన్సిపల్ మీద యూనివర్సిటీ ఉంటది, యూనివర్సిటీ మీద హైకోర్టు ఉంటది. అంత దాక పోవాల్సిన పని మామూలుగ రాదు, కానీ దారి ఉన్నదన్నది తెలిసి ఉండాలె.

మీ తోటి పిల్ల మీద మెమో వచ్చిందని తెలిస్తే, మిగిలినోళ్లంత వినుండ్రి, ఆమె పక్క బల్ల మీద కూర్చోని తినుండ్రి. ఆమె తప్పు చేసిందా లేదా అన్నది కమిటీ చూసుకుంటది. తేలేదాక ఆమె మీ తోటి నర్సే.

మన చేతులల్ల మనుషుల ప్రాణాలుంటయి గనుక మనల్ని ప్రశ్నించే హక్కు అందరికీ ఉన్నది. ఆ ప్రశ్నకు భయపడి తల వంచుకుంటే మనకు పరువు దక్కదు, కోపంతోని అబద్ధం చెప్తే రోగికి రక్షణ దక్కదు. నిజం తెలిసిన మనిషివి నువ్వు, అది నీ చేతిరాతల ఉండాలె. పెన్ను తెచ్చుకో బిడ్డా, మొదటి లైను నేను చెప్త, తర్వాతది నువ్వే రాయాలె.